ఎడమ పక్కనే దోహా

ఆ విమానం దిగదు. ముందే చెబుతున్నాను, చదివేవాళ్ళు దారిలో ఏదో ఒక మలుపు దగ్గర ఆశ పెట్టుకుంటారేమోనని. నేను పెట్టుకున్నాను. ఎన్నిసార్లు చదివినా, కథ ఒకచోటికి వచ్చేసరికి నా మనసు ఇప్పటికీ ఎడమకు తిరుగుతుంది. సముద్రం దాటి, దీపాలు వెలిగిన ఈ దోహా రన్‌వే మీద చక్రాలు ఆనడం, ఇద్దరు మనుషులు దగ్గుకుంటూ మెట్లు దిగి రావడం కళ్ళముందు కనిపిస్తుంది. వాళ్ళు దిగరు.

2010 సెప్టెంబర్ 3. రంజాన్ నెలలో చివరి శుక్రవారం. అప్పటికి ఇప్పుడు మనం చూస్తున్న ఏషియన్ టౌన్ లేదు. క్రికెట్ స్టేడియం లేదు, గ్రాండ్ మాల్ లేదు, 2015లో తెరిచిన లేబర్ సిటీ మేడల వరసలు లేవు. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక క్యాంపు గది, అందులో ఎనిమిది మందిమి. పక్క గది బంగ్లాదేశ్ వాళ్ళు ఉపవాసం విడిచి, ఇన్ని ఖర్జూరాలూ ఉడికించిన శనగలూ పళ్ళెంలో పెట్టి పంపారు. తిని, చేయి కడుక్కుని, బయట అరుగు మీద కూర్చున్నాను. ఆరుంపావు కావస్తోంది. సరిగ్గా ఆ వేళకే, నాకు ఈశాన్యంగా, సముద్రం మీద, 32 వేల అడుగుల ఎత్తుకు ఎక్కుతున్న ఒక విమానంలో గంట మోగింది. నేను వినలేదు. వినగలిగేదీ కాదు. ఇన్నేళ్ళ తర్వాత ఆ సాయంత్రం గుర్తొస్తే మాత్రం, ఖర్జూరం తీపి కంటే ముందు ఆ వినని గంటే చెవిలో పడుతుంది.

మొన్న జూలైలో ఒక అట్టపెట్టె ఆ గంటను మళ్ళీ మోగించింది.

గల్ఫ్‌లో బతికినవాళ్ళకు కార్గో అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఏడాదో రెండేళ్ళో కూడబెట్టిన ప్రేమ అంతా ఒక అట్టపెట్టెలో కూరడం. పులిబొమ్మ దుప్పటి, సబ్బులు, పాలపొడి డబ్బా, నొప్పుల మందు సీసాలు, చెల్లెలికి సెంటు, పిల్లలకు చాక్లెట్లు. చుట్టూ ఖాకీ టేపు, దాని మీద నైలాన్ తాడు, నాలుగు పక్కలా నల్ల మార్కరుతో పేరు, ఊరు, మండలం, జిల్లా. ఊళ్ళో ఆ పెట్టె దిగిన రోజు ఇంటి ముందు వాడంతా పోగవుతుంది. పంపినవాడు మాత్రం ఆ పూట కాంక్రీటు పోస్తూ ఉంటాడు.

ఆ పెట్టె జగిత్యాల వైపు కుర్రాడిది. నేను స్టోరు చూసుకుంటాను, అప్పుడప్పుడూ శుక్రవారం పికప్పు తీసి మా కుర్రాళ్ళని ఏషియన్ టౌన్‌కు తెస్తుంటాను. ఆ రోజు మధ్యాహ్నం బండి ఎండలో ఆపి, అద్దాలెత్తి, తాళం వేసి వెళ్ళాం. ఒకడికి క్షవరం, ఒకడికి ఇంటికి డబ్బు పంపే పని, ఇంకొకడికి ఊరికే చల్లగా మాల్‌లో నడవడం. కార్గో కొట్టు సాయంత్రం తెరుస్తారని పెట్టెను వెనక సీటులోనే వదిలేశాం. నాలుగు గంటలకు తిరిగొచ్చేసరికి తలుపు పిడి పట్టుకోలేకపోయాను. తువ్వాలు చుట్టి తెరిచాను. లోపలి నుంచి వచ్చిన గాలి వడగాలి కాదు, కొలిమి నోరు తెరిచినట్టు ఉంది. కరిగిన ప్లాస్టిక్ వాసన, సీటు రెక్సిన్ వాసన. వెనక సీటులో పెట్టె, దాని మూత రెండు రెక్కలు కలిసే చోట, టేపు కాస్త లేచిన సందులోంచి, సన్నని తెల్లని వెలుగు.

"ఏమున్నయ్ తమ్మీ ఇండ్ల?"

"బట్టలే అన్నా."

"మరి గీ వెలుగేంది?"

కుర్రాడు తల వంచుకున్నాడు. "బాపుకు ఛార్జింగ్ లైట్లన్నా. రాత్రి మోటరు కాడికి పోతడు. నిరుడు పాము మీద కాలు వెట్టబోయిండు. కార్గోల బ్యాటరీలు తీసుకోరని దుప్పట్లల్ల పెట్టిన."

టేపు కోశాం. రెండు దుప్పట్ల మధ్య ఒత్తుకుని స్విచ్ పడిపోయిన లైటు, ఎంతసేపటి నుంచి వెలుగుతోందో, చేత్తో ముట్టుకోలేనంత కాగి ఉంది. దాని పక్కనే ఒక పవర్ బ్యాంకు. దాన్ని చూడగానే నా గుండె జారింది. పలకలా ఉండాల్సింది పొంగిన పూరీలా నడుమ లేచింది. రెండు సగాల మధ్య అతుకు విచ్చుకుని, లోపలి వెండిరంగు సంచి గోరంత కనిపిస్తోంది. పెట్టె మీద అంటించిన చీటీలో మాత్రం కుదురైన అక్షరాలతో ఉంది: దుప్పట్లు, బట్టలు, సబ్బులు.

ఆ కుర్రాడి మీద నాకు కోపం రాలేదు. తండ్రి కాలి కింద చీకటి లేకుండా చేద్దామనుకున్న కొడుకు వాడు. చీటీలో లేని సరుకు ఎక్కడికి తీసుకుపోగలదో వాడికి ఎవరూ చెప్పలేదంతే. తువ్వాలుతో ఆ పవర్ బ్యాంకును తీసి, బండ్లకు దూరంగా, ఖాళీ స్థలంలో ఇసుక నింపిన డబ్బాలో పెట్టాం. నీడలో కూర్చున్నాక వాడికి ఆ విమానం కథ చెప్పాను.

అది యూపీఎస్ వారి 6వ నంబరు సర్వీసు. బోయింగ్ 747 సరుకు విమానం. ప్రయాణికులు లేరు, ఇద్దరే పైలట్లు, అమెరికావాళ్ళు. కెప్టెన్‌కు 48 ఏళ్ళు, ఫస్ట్ ఆఫీసర్‌కు 38. హాంకాంగ్ నుంచి వచ్చిన సరుకుతో దుబాయ్‌లో ఆగి, అక్కడి నుంచి జర్మనీలోని కొలోన్‌కు పోవాలి. మాకంటే గంట ముందుండే దుబాయ్ టైము ప్రకారం సాయంత్రం 6 గంటల 51 నిమిషాలకు లేచింది. వాళ్ళ వెనక, సరుకు డెక్కులో, మిగతా వస్తువులతో పాటు 81 వేల పైచిలుకు లిథియం బ్యాటరీలున్నాయి. వాటిలో కనీసం మూడు సరుకులు ప్రమాదకరమైనవిగా కాగితాల్లో చూపించాల్సినవని తర్వాత యూఏఈ విమానయాన శాఖ దర్యాప్తులో తేలింది. అలా చూపించలేదు. ప్రమాదకర సరుకు ఏది ఎక్కడుందో కెప్టెన్ చేతికి ఒక కాగితం ఇస్తారు. ఆ కాగితం ఆ మూడింటి గురించి ఏమీ చెప్పలేదు. తమ వీపు వెనక ఏముందో తెలియకుండానే ఇద్దరూ బెల్టులు బిగించుకున్నారు.

నేను మొదట దుఃఖపడేది ఇక్కడ. ఆకాశంలో జరిగినదాన్ని ఎవరు ఆపగలిగేవారో నాకు తెలీదు. నేల మీద, ఒక గోదాములో, ఒక బల్ల ముందు, పెన్ను పట్టుకున్న ఒక చేయి మాత్రం ఆపగలిగేది.

లేచిన 22 నిమిషాలకు గంట మోగింది. ప్రధాన డెక్కులో మంట. విమానం అప్పటికి దుబాయ్ హద్దు దాటి బహ్రెయిన్ కంట్రోలర్ల చేతికి వచ్చింది. పడమటి ఆకాశంలో వెలుగు పూర్తిగా ఆరి ఉండదు. కెప్టెన్ వెంటనే నేలకు దిగాలన్నాడు. బహ్రెయిన్ కంట్రోలర్ చెప్పాడు: దోహా మీకు పది గంటల దిక్కున, వంద మైళ్ళు.

పైలట్ల లెక్కలో విమానం ముక్కు గడియారంలో పన్నెండు. పది గంటల దిక్కు అంటే ముందుకే, కాస్త ఎడమగా. అంటే మేము. అంటే శనగల పళ్ళెం కడిగి పక్క గదికి తిరిగి ఇవ్వబోతున్న మా క్యాంపూ, ఆ వెనక దీపాలన్నీ వెలిగించుకుని ఉన్న పాత దోహా విమానాశ్రయమూ. దుబాయ్ అంతకంటే దూరం, పైగా వెనక్కి. కెప్టెన్ దుబాయ్ అన్నాడు.

ఈ ఒక్క మాట దగ్గర ఆగిపోయి నేను ఎన్ని రాత్రులు గడిపానో. ఆయన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. అప్పటికి ఆయన ఎదుట ఉన్నది ఒక గంట, ఒక దీపం. పొగ ఇంకా రాలేదు. ఇప్పుడే వదిలి వచ్చిన ఊరు, తెలిసిన రన్‌వే, పేర్లు తెలిసిన మనుషులు. కష్టం వస్తే తెలిసిన గడపే తొక్కుతాం ఎవరమైనా. దోహాకు తిరిగినా దక్కేవారని ఎవరూ గట్టిగా చెప్పలేరు కూడా, మంట అంత తొందరగా పాకింది. అయినా మనసు వినదు. ఎడమ పక్కనే దోహా ఉంది కదా అంటుంది. విమానం తిరిగింది. పడమటి వెలుగును వీపు వెనక వదిలి, తూర్పు చీకటిలోకి.

ఆ డెక్కులో మంటలార్పే మందు లేదు. ఎత్తులో, పలుచని గాలిలో, మంటకు ఊపిరాడకుండా చేయడమే పద్ధతి. అందుకు 25 వేల అడుగుల దగ్గర ఉండాలని చెక్‌లిస్టు. వాళ్ళు 10 వేల అడుగులకు దిగుతామన్నారు. తొందరగా నేలను తాకాలన్న ఆరాటం అది, దాన్ని ఎవరు కాదనగలరు. పైగా లిథియం బ్యాటరీ మంట బయటి గాలి మీదే ఆధారపడి బతికేది కాదు.

కుర్రాడు ఇక్కడ ఆపి అడిగాడు, గంత చిన్నదాంట్ల గంత అగ్గెక్కడిదని. ఇసుక డబ్బా వైపు చూస్తూ, నాకు తెలిసినంత చెప్పాను.

లోపల రెండు రేకులుంటాయి, చాపలా చుట్టినవి. వాటి మధ్య తల వెంట్రుక కంటే పలుచని ప్లాస్టిక్ పొర. చుట్టూ తేలిగ్గా అంటుకునే ద్రవం. ఆ పొర ఉన్నంతసేపే రెండు రేకులకూ సఖ్యత. 130 డిగ్రీలకు అటూ ఇటూ ఆ పొర కరుగుతుంది. కరిగితే రేకులు ఒకదాన్నొకటి తాకుతాయి, వేడి వేడిని పుట్టిస్తుంది, ఒక దశ దాటాక లోపలి పదార్థమే ఆక్సిజన్ వదులుతుంది. తన మంటకు తానే గాలి ఊదుకుంటుంది. అది పక్కదాన్ని కాలుస్తుంది, పక్కది ఆ పక్కదాన్ని. అక్కడ 81 వేలు.

మూసిన కారు అంత వేడెక్కదు, నిజమే. బయట 45 ఉంటే లోపల గంటలో 65 దాటుతుంది, ఎండ నేరుగా పడే డాష్‌బోర్డు ఇంకా పైన. ఆ వేడికే పేలిపోతుందని కాదు. కానీ ప్రతి మధ్యాహ్నం లోపలి ద్రవం కొంచెం కొంచెంగా చెడుతుంది, వాయువు ఊరుతుంది, సంచి ఉబ్బుతుంది, ఆ పొర అలసిపోతుంది. నిండా ఛార్జింగ్ మీద ఉన్నదైతే మరీ. ఎప్పుడో కింద పడి లోపల నలిగినదైతే ఇంకా. ఫోను కొన్నప్పుడు వచ్చే కాగితంలోనే ఉంటుంది, వాడనప్పుడు కూడా 45 డిగ్రీలు దాటిన చోట ఉంచొద్దని, ఆపి ఉన్న కారులో వదలొద్దని. ఖతార్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు మనిషిని ఎండలో పనికి పెట్టకూడదు. ఆ ఐదున్నర గంటలూ మనం నీడలో ఉంటాం. సైటు బండ్లలో డ్రిల్లు మిషన్ల బ్యాటరీలు, మా అందరి పవర్ బ్యాంకులు, అద్దాల వెనక ఎండలో ఉంటాయి. సంచిలో వేసుకుని వెంట తీసుకుపోతే సరిపోయేది. సగం ఛార్జింగుతో ఏసీ గదిలో ఒక అరలో పెడితే సరిపోయేది. ఉబ్బిన రోజున మళ్ళీ ఛార్జింగుకు పెట్టకుండా ఉంటే సరిపోయేది. ఇంత చిన్న పనులు. ఇంత చిన్నవి కాబట్టే రేపు చూద్దామనుకుంటాం.

మన ఇళ్ళలోనూ అలాగే అనుకున్నారు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో రాత్రి ఛార్జింగుకు పెట్టిన స్కూటర్ బ్యాటరీ తెల్లవారకముందే పేలి, నిద్రలో ఉన్న ఒక పెద్దాయన్ని తీసుకుపోయింది. కొద్ది రోజులకే విజయవాడలో, కొత్త స్కూటర్ కొన్న మర్నాటి తెల్లవారుజామున, పడకగదిలో పెట్టిన బ్యాటరీ ఆ ఇంటి యజమానిని. ఆ సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన హోటల్ ఉన్న భవనంలో 8 మంది. కింద ఏముందో తెలియకుండా పైన నిద్రకు ఒరిగినవాళ్ళు. ఆ రాత్రి వార్త ఫోన్లలో తిరుగుతుంటే నాకు మళ్ళీ ఆ ఇద్దరు పైలట్లే గుర్తొచ్చారు.

విమానం దగ్గరికి రావాలి. తప్పదు.

గంట మోగిన కొద్ది నిమిషాల్లోనే మంట సరుకు డెక్కు పైకప్పు లోపలి పొరను తిన్నది. పైన పోయే కంట్రోలు తీగలు సడలాయి. పొగ కాక్‌పిట్‌లోకి వచ్చింది. ముందున్న మీటర్లు కనబడకుండా పోయాయి, అర చేయి దూరంలో ఉన్నవే. ఏడెనిమిది నిమిషాలకు కెప్టెన్ మాస్కులో ఆక్సిజన్ ఆగిపోయింది. వేడికి ఆ గొట్టం దెబ్బతిన్నదని తర్వాత తేల్చారు. ఆయన విమానాన్ని తోటివాడికి అప్పగించి, ఇంకో ఆక్సిజన్ సీసా కోసం సీటు లేచి, వెనక పొగలోకి వెళ్ళాడు. తిరిగి రాలేదు.

ఆయన వెళ్ళిన ఆ నాలుగు అడుగుల గురించి నేనేమీ రాయలేను.

ఇక ఒక్కడే. ఎత్తు కనబడదు, వేగం కనబడదు, కిటికీ అవతల లోకం కనబడదు. రేడియో అంకెలు కనబడవు కాబట్టి దుబాయ్‌కు మార్చుకోలేడు, బహ్రెయిన్ మీదే ఉండిపోయాడు. దూరం పెరిగి బహ్రెయిన్ గొంతు అందకుండా పోయింది. అప్పుడు ఆ దారిన పోతున్న వేరే విమానాలు మాటలు అందుకున్నాయి. దుబాయ్ చెప్పింది విని అతనికి, అతను అడిగింది విని దుబాయ్‌కు. అతను అడిగినవి ఏమిటనుకున్నారు? నా ఎత్తెంత, నా వేగమెంత, నేను ఎటు పోతున్నాను. చీకట్లో తడుముకునే మనిషి చేయి పట్టుకుని నడిపించినట్టు, ముఖం తెలియని పైలట్లు ఆకాశంలో అతన్ని ఊరి దాకా తెచ్చారు. అంతమంది అంత చేశారు. ఎవరి చేయీ అతనికి అందే దూరంలో లేదు.

దుబాయ్ వచ్చింది. రన్‌వే కిందనే ఉంది. విమానం మరీ ఎత్తులో, మరీ వేగంతో ఉంది, చక్రాలు దిగలేదు. దీపాల మీదుగా దాటిపోయింది. ఎడమన పది మైళ్ళలో షార్జా ఉందన్నారు. మళ్ళీ ఎడమనే. 095 డిగ్రీల దిక్కు తిప్పమన్నారు. అతను తిప్పిన అంకె 195. సున్నా ఉండాల్సిన చోట ఒకటి. పొగలో కన్ను పొరబడిందో, వేలు పొరబడిందో. విమానం కుడికి ఒరిగింది. 7 గంటల 41 నిమిషాలకు, నాద్ అల్ షేబా దగ్గర, సైనిక స్థావరం ఆవరణలో నేలకు కూలింది. చుట్టూ రోడ్లు, కాపురాలు. నేల మీద ఒక్కరికీ ఏమీ కాలేదు.

తర్వాత మాస్కులు మార్చారు, మంటను తట్టుకునే సరుకు పెట్టెలు వచ్చాయి. 2016 ఏప్రిల్ 1 నుంచి ప్రయాణికుల విమానాల్లో లిథియం అయాన్ బ్యాటరీలను విడి సరుకుగా ఎక్కించడం ఆపేశారు. సరుకు విమానాల్లోనైతే 30 శాతం మించి ఛార్జింగ్ ఉండకూడదన్నారు. అంతలోపే, 2011 జూలైలో, కొరియా వైపు ఆసియానా వారి సరుకు విమానం ఒకటి ఇలాగే మంటల్లో సముద్రంలో పడింది. అందులోనూ ఇద్దరే.

చెప్పడం అయ్యేసరికి ఎండ స్టేడియం గోడ వెనక్కి దిగింది. కార్గో కొట్టు తెరిచారు. కుర్రాడు రెండు లైట్లూ తన భుజం సంచిలో వేసుకున్నాడు. సెలవు మీద పోయేటప్పుడు చేతి సంచిలో పట్టుకుపోతానన్నాడు. వాడి సెలవుకు ఇంకా పద్నాలుగు నెలలు. అప్పటిదాకా వాళ్ళ బాపు పాత లైటుతోనే మోటరు కాడికి పోవాలి. ఆ రాత్రి ఫోన్ చేసి, చూసి నడవమని చెబుతానన్నాడు.

దుప్పట్లు మళ్ళీ మడిచి, పెట్టె మూసి, టేపు చుట్టసాగాడు. సగంలో చేయి ఆపి అడిగాడు.

"అన్నా, ఆ రెండో ఆయన ఒక్కడే ఎంతసేపున్నడు?"

"ఇరవై నిమిషాల పైన."

వాడు ఇంకేమీ అడగలేదు. టేపును పంటితో కొరికి, అంచును బొటనవేలితో రెండుసార్లు గట్టిగా అదిమాడు.